వెనక చాప

పంతులమ్మ గారు పోయిన సంగతి నాకు ఉప్పు కొఠారు దగ్గర తెలిసింది. నేను అక్కడ గుమాస్తాను. కాలువలో పడవకు బస్తాలు ఎక్కిస్తుంటే గట్టు మీద నిలబడి ఉన్నాను. పడవ సరంగు తాడు చుట్టుకుంటూ, "అయ్యా, మీ పంతులమ్మ తెల్లారుజామున పొయ్యిందంట. ఇస్కూలు కాడ ఆడోళ్ళు కూడుకోనుండారు. మీకింకా చెప్పలేదా?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు కలిగిన మొదటి ఆలోచన ఇక్కడ రాయకపోతే మిగిలినదంతా రాసి ప్రయోజనం లేదు. వచ్చే మొదటి ఆదివారం నుంచి గుడిలో నాకు హాయిగా ఉంటుంది అనుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది. ఆవిడ నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

ఆవిడను గురించి నాలుగు మంచి మాటలు రాయమని గూడూరు పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. సంఘం వాళ్ళ పత్రికలో వేస్తారట. మంచి మాటలు చాలానే ఉన్నాయి, రాస్తాను. మేం ఆవిడకు చేసింది కూడా రాస్తాను. వేసుకుంటారో మానుకుంటారో వాళ్ళ ఇష్టం.

మా ఊరు చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఒక పక్క ఉప్పు మళ్ళు, ఇంకో పక్క సరుగుడు తోపులు, ఇసక దాటితే చేపలు పట్టేవాళ్ళ పాళెం. మిషను వాళ్ళు కట్టించిన పెంకుటిల్లు ఒకటుంది. వారమంతా అది బడి, ఆదివారం గుడి. నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు, గూడూరు నుంచి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల జరిపిస్తారు, క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె విరిచి పంచుతారు. సంఘపెద్దల్లో ఇద్దరం రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకొని వరసల వెంట తిరుగుతాం. తీసుకున్న వాళ్ళు వెంటనే నోట్లో వేసుకోరు. ముక్క అరచేతిలో పెట్టుకొని, మేం తిరిగి బల్ల దగ్గరికి వచ్చిందాకా ఆగి, అందరూ ఒక్కసారిగా తింటారు.

కింద చాపల మీద కూర్చుంటాం. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. తలుపు పక్కన గోడకు ఆనించి ఇంకొక చాప విడిగా ఉంటుంది. తాగినవాడు, పెళ్ళాన్ని కొట్టినవాడు, జాతరకు పోయి వచ్చినది, ఇలా సంఘం దృష్టికి తప్పు వచ్చిన వాళ్ళు ఆ చాప మీద కూర్చోవాలి. పళ్ళెం అక్కడిదాకా పోదు. వాళ్ళు లేచి ముందుకు వచ్చి, అందరి ఎదుట చేసింది చెప్పి, తప్పు అన్న మాట నోటితో అంటే ఆ రోజే తమ చోట్లోకి రావచ్చు, రొట్టె తీసుకోవచ్చు. ఈ పద్ధతి అయ్యగార్లు పెట్టింది కాదు. పంతులమ్మ గారు పెట్టింది. "మనుషుల్లో చెయ్యడానికి లేని సిగ్గు మనుషుల్లో చెప్పుకోడానికి ఎందుకు?" అనేవారు.

ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయి, ఒక ట్రంకుపెట్టెతో కాలువ పడవలో మా ఊరికి వచ్చారట. పగలు బడి, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం. తెల్లచీర కుచ్చెళ్ళ దగ్గర ఎప్పుడూ సుద్దముక్క ఒకటి దోపుకొని ఉండేవారు. మధ్యాహ్నం ఉడకబెట్టిన గెనుసుగడ్డ ఒకటి తిని, ఆ తొక్కతోనే మా పలకలు తుడిచేవారు. చింతబరికె లేకుండా ఆవిడను చూసిన గుర్తు నాకు లేదు. "దేవుడు పాపం క్షమిస్తాడు. నేను అక్షరదోషం క్షమించను," అంటూ అరచేతి మీద ఒక్కటిచ్చేవారు. అలా కొట్టి కొట్టి నన్ను మనిషిని చేశారు. ఎస్సెల్సీ దాకా చదివించమని అమ్మ వెంటపడ్డారు. కొఠారు యజమానికి స్వయంగా ఉత్తరం రాసి నాకీ ఉద్యోగం ఇప్పించారు. ఇదంతా నిజం. నేను తిన్న ప్రతి మెతుకులోనూ ఆవిడ చెయ్యి ఉంది.

అయినా నేను ఆవిడను ద్వేషించాను. ఎందుకో చెబుతాను.

నయాపైసలు వచ్చిన కొత్తలో, నాకు పదహారేళ్ళప్పుడు, మా పిన్ని పెళ్ళి అయింది. అమ్మ పుట్టిల్లు లోపలి ఊరు, వరి పండించుకునే హిందువుల ఇల్లు. నాన్నను చేసుకున్నాకే అమ్మ విశ్వాసి అయింది. నాన్న అప్పటికే లేడు. అమ్మ ఒక్కతే చెల్లెలి పెళ్ళికి పోయి మూడు రోజులు ఉండి వచ్చింది. అక్కడ మొహాన బొట్టు పెట్టుకుందన్న కబురు అమ్మకంటే ముందే ఊరు చేరింది. ఆ ఆదివారం అమ్మ వెనక చాప మీద కూర్చుంది. తరవాత లేచి ముందుకు వచ్చి, తలమీద కొంగు సర్దుకుంటూ, "చెల్లెలి పెళ్ళిలో బొట్టు పెట్టుకున్నా," అంది.

"ఎవరు పెట్టినారు?" అన్నారు పంతులమ్మ గారు.

"మా అమ్మ."

"వాకిలి దాటినాక తుడుచుకోలేదా?"

"లేదు."

"ఎందుకు తుడుచుకోలేదు?"

"మొగుడు లేనిదాన్నని చూడకుండా ముసలామె చేత్తో పెట్టింది గదమ్మా," అని ఏడ్చింది అమ్మ.

"ఏడుపొద్దు. మాట చెప్పు," అన్నారు పంతులమ్మ గారు.

"తప్పు," అంది అమ్మ.

పంతులమ్మ గారు వెంటనే పక్కకు జరిగి, తన చాప మీదే అమ్మకు చోటిచ్చారు. రొట్టె అందిన తరవాత ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. వేరే ఎవరో ఎత్తబోతే, "దేవుడు తుడిచేసినదాన్ని నువ్వు మళ్ళా రాస్తావా? ఆయనకంటే పెద్దోడివా?" అని నోరు మూయించారు. ఆవిడ లెక్కలో అది అంతటితో తీరిపోయింది. నా లెక్కలో తీరలేదు. పాతికమంది మగవాళ్ళ ఎదుట మా అమ్మ ముక్కు తుడుచుకుంటూ నిలబడడం నాకు కళ్ళముందే ఉండిపోయింది.

అయిదేళ్ళు గడిచాయి. చదువుకున్నవాణ్ణని నన్ను సంఘపెద్దను చేశారు. నలుగురం పెద్దలం, మినిట్సు పుస్తకం రాసేది నేను. అప్పుడే పంతులమ్మ గారు పాళెం నుంచి ఒక చేపలామెను మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె ఏడాదిగా ప్రతి ఆదివారం ఖాళీ గంప పక్కన పెట్టుకొని బడి అరుగు మీద కూర్చొని వాక్యం వినేది. బాప్తిస్మం కావాలంది. మా సంఘంలో అది నీళ్ళలో ముంచి ఇస్తారు. ముందు పెద్దలు కూర్చొని పరీక్ష చేస్తారు. నువ్వు ఏ పాపాలు విడిచిపెట్టావు అని అడగడం వాడుక. అందరూ అబద్ధాలు ఆడేదాన్ని, అసూయ పడేదాన్ని అని చెప్పి లేచిపోతారు.

ఆమె అట్లా చెప్పలేదు. "మూడోది ఆడబిడ్డే పుట్టిందయ్యా. ఆ ఏడు వల ఎండిపొయ్యింది. పుట్టినపొద్దే నా చేత్తోనే నోరు మూసినా. ఆ చెయ్యి ఇదే. ఇట్టాంటిదాన్ని గూడా మీ దేవుడు రానిస్తాడా?" అంది.

మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "రానిస్తాడు," అన్నారు పంతులమ్మ గారు, మమ్మల్ని అడక్కుండానే. ముసలి పెద్ద ఒకాయన గొంతు సవరించుకొని, ఆరునెలలు చూద్దాం అన్నాడు. ఆరునెలలకు ఆమె మళ్ళీ వచ్చింది. మనసు మారిందో లేదో ఇంకొంత చూద్దాం అన్నారు. మూడోసారి వచ్చినప్పుడు ఆగమన్నది నేనే. "రేపు ఇది పోలీసుల దాకా పోతే సంఘం పరువేం కావాలి?" అన్నాను. ఆమె గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది. క్రీస్తు రక్తం ఎంతటి పాపాన్నైనా కడుగుతుందని ఆ ముందు ఆదివారమే నేను ప్రార్థనలో అన్నాను, బాగా అన్నానని అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టి వారంపాటు వాన కురిసింది. పాళెంలో కలరా వచ్చింది. ఊళ్ళోవాళ్ళం అటువైపు పోవడం మానేశాం. పంతులమ్మ గారు మోకాటిలోతు నీళ్ళలో నడిచిపోయారు. చేపలామె అప్పటికి లేవలేని స్థితిలో ఉంది. ముంచడానికి ఎక్కడికి మోసుకుపోతారు? ఆవిడ చెంబుతో నీళ్ళు తీసి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అంటూ ఆమె తలమీద పోశారు. రొట్టె లేదు. కుండలో ఉన్న చద్దన్నం నాలుగు మెతుకులు తీసి ఆమె నాలుక మీద పెట్టారు. తెల్లారేసరికి ఆమె పోయింది.

ఇదంతా మాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడే చెప్పారు. తరవాతి మొదటి ఆదివారం లేచి నిలబడి, పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పి, "ఇది మీకు తెలియాల. అందుకని చెప్తుండా," అని కూర్చున్నారు.

ఆడమనిషి బాప్తిస్మం ఇవ్వడం ఒకటి, ముంచకుండా చెంబుతో పోయడం రెండు, పెద్దలు ఆపినదాన్ని కాదనడం మూడు, చద్దన్నంతో బల్ల జరపడం నాలుగు. నేనే తీర్మానంలో వరసగా రాశాను. అయ్యగారు మెత్తని మనిషి. ఆవిడను బతిమాలారు. "అమ్మా, రక్షణ విశ్వాసం వల్ల గదా. ఆమె నమ్మి ఉంటే నీళ్ళతో పనిలేదు. తొందరపడ్డాను, తప్పు అని ఒక్క మాట అనండి, అయిపోతుంది," అన్నారు.

"నీళ్ళతో పనిలేకపోతే నా మీద తగువెందుకయ్యా? పని ఉంటే, పోసినా గదా," అన్నారు ఆవిడ.

"పద్ధతి ఉందిగదమ్మా."

"నేను తప్పని చెప్తే ఆమెకు జరిగింది ఉత్తుత్తిది అవుతది. అప్పుడు ఆమె ఎక్కడికి పోవాల? తీసుకొచ్చి మళ్ళా ముంచుతారా మీరు?"

బదులు నేను చెప్పాను. "వెనక చాప పరిచింది మీరే గదమ్మా," అన్నాను. ఆవిడ నా వైపు చూశారు. ఎక్కాలు తప్పు చెప్పినప్పుడు చూసే చూపు అది. లేచి, నడిచి వెళ్ళి, వెనక చాప మీద కూర్చున్నారు. ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

ఆరేళ్ళు ఆవిడ ఆ చాప మీదే కూర్చున్నారు. వారమంతా అదే గదిలో బరికె పట్టుకొని మహారాణిలా తిరిగిన మనిషి, ఆదివారం తలుపు పక్కన గోడకు జరిగేవారు. ఆ జీతానికి మా ఊరు ఇంకెవరూ రారు కనక మిషను వాళ్ళు ఉద్యోగం జోలికి పోలేదు. కరువు వచ్చిన ఏడు అమెరికా పాలపిండి గోలెంలో కలిపి, చర్చి పిల్లలకూ పాళెం పిల్లలకూ ఒకే గరిటెతో పోశారు. తను మాత్రం గంజి తాగారు. గుడిలో పాటలు మాత్రం అందరికంటే గట్టిగా పాడేవారు. శ్రుతి బాగుండేది కాదు.

ఆడవాళ్ళ వైపు పళ్ళెం తిప్పేది నేను. ఆఖరి వరస అయ్యాక వెనక్కి తిరగాలి. నేను వెంటనే తిరిగేవాణ్ణి కాదు. ఇంకొక అడుగు వేసి, ఆవిడకు రొట్టె కనపడేంత దగ్గరగా ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిరిగేవాణ్ణి. ఆవిడ రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకొని ఎదురుగా గోడవైపు చూసేవారు. ప్రతి నెలా అలాగే చేశాను. ఒకసారి ఆడవాళ్ళు కొందరు, ముసలావిడ గదా వదిలెయ్యండి అని అడిగితే, పుస్తకం తెచ్చి తీర్మానం మొత్తం పైకి చదివాను. ఎక్కడా తడబడలేదు. చదవడం నాకు ఆవిడే నేర్పారు.

అమ్మ ఒకసారి అన్నం పెడుతూ, "ఆమె మీద నీకేం కోపంరా?" అని అడిగింది.

"నీకోసమే," అన్నాను.

"నేను అడిగినానా?" అంది.

మొన్న వేసవి చివర ఆవిడకు ఉబ్బసం ముదిరింది. బడి వెనక గదిలో నులకమంచం మీద మూడు దిండ్లు ఎత్తు పెట్టుకొని కూర్చొనే నిద్రపోయేవారు. అమ్మ రోజూ గంజి తీసుకుపోయేది. పెద్దల్లో ఒకరి ముందు ఆ ఒక్క మాట అంటే చాలు, మంచం దగ్గరికే వచ్చి రొట్టె ఇస్తానని అయ్యగారు కబురు పెట్టారు. నేను మినిట్సు పుస్తకం తీసుకొని వెళ్ళాను.

"నీ చేతిరాత మళ్ళా పాడైందంట గదా," అన్నారు నన్ను చూసి.

అయ్యగారి మాట చెప్పాను. "ఒక్కమాట ఉండాది. రాసుకుంటావా?" అన్నారు. నేను పుస్తకం తెరిచాను.

"మీ అమ్మను నిలబెట్టి అడిగినా గదా, బొట్టెందుకు తుడుచుకోలేదని. కన్నతల్లి పెట్టినదాన్ని అంతమందిలో అట్టా అడగకూడదు. నేను చేసింది తప్పు. దేవుడి ముందర ఎప్పుడో చెప్పుకున్నా, మనుషుల ముందర చెప్పుకోలేదు. రాసుకో."

నా కలం ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా నేను కోరుకున్న మాట అది. ఆవిడ నోటినుంచి అది విన్నరోజు ఏం చెయ్యాలో ఎన్నిసార్లు ఊహించుకున్నానో. "అది తీర్మానంలో లేదండీ," అన్నాను.

ఆవిడ నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగి, చాలాసేపు తెరిపి ఇవ్వలేదు. నీళ్ళు తాగాక, "నాకు రొట్టె తినాలని ఉండాదిరా. లేదని చెప్పను. ఆరేండ్లాయె," అన్నారు. ఆవిడ తనకోసం ఏదైనా కావాలనడం నేను అదే మొదటిసారి వినడం.

"అయితే ఆ మాట అనండమ్మా. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆమె సంగతి దేవుడు చూసుకుంటాడు."

"పోయేముందు నా చెయ్యి పట్టుకొని అడిగింది, నిజంగానేనా అమ్మా, నన్ను రానిస్తాడా అని. నిజంగానే అన్నా. అప్పుడే కళ్ళు మూసింది. ఇప్పుడు నేను రొట్టె ముక్క కోసం కాదు అనేదా?"

నేను పుస్తకం మూసి లేచాను. గంజి గిన్నె పట్టుకొని అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

నాలుగో రోజు పంతులమ్మ గారు పోయారు. శిక్షలో ఉండి పోయిన మనిషి కనక అయ్యగారు రాలేదు, గంట కొట్టలేదు. సమాధుల దొడ్డి లోపల చోటివ్వాలా అని పెద్దలు నన్ను అడిగారు. తీర్మానం రద్దు కాలేదు అన్నాను. కంచె బయట, సరుగుడు చెట్ల కింద, పాళెం మగవాళ్ళు గుంట తవ్వారు. మోసింది కూడా వాళ్ళే. మట్టి వేస్తూ ఒకడు, "మా ఆడోళ్ళందరికీ కలరాలో ఈమే నీళ్ళు తాపింది," అన్నాడు, ఎవరికని లేకుండా. అమ్మా ఇంకో నలుగురు ఆడవాళ్ళూ పాట పాడారు. నేను కొఠారు పని ఉందని ముందే వచ్చేశాను.

తరవాతి మొదటి ఆదివారం అయ్యగారు వచ్చారు. ప్రార్థన అయింది, రొట్టె విరిచారు. నేను పళ్ళెం పట్టుకొని ఆడవాళ్ళ వరసల వెంట నడిచాను. మూడో వరసలో అమ్మ చోటు ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆఖరి వరస దాటాక చూస్తే అమ్మ వెనక చాప మీద కూర్చొని ఉంది.

నేను వంగి, మెల్లగా, "నీమీద తీర్మానం ఏమీ లేదమ్మా. ముందుకు రా," అన్నాను.

అమ్మ మెల్లగా మాట్లాడలేదు. "లేకపోతే రాసుకో," అంది, గుడి అంతా వినేలాగ. "మా అమ్మ పెట్టిన బొట్టు తప్పని ఆ పొద్దు నోటితో అన్నా. మనసులో ఎప్పుడూ అనుకోలేదు. అబద్ధం చెప్పి పన్నెండేండ్లు రొట్టె తిన్నా. అబద్ధం చెప్పనామె తినకుండా పొయ్యింది."

"అమ్మా, తీసుకో," అన్నాను. పళ్ళెం ఆమె ముందుకు చాపాను. ఆ చాప పరిచినప్పటినుంచి అక్కడిదాకా పళ్ళెం పోవడం అదే మొదలు.

అమ్మ చెయ్యి చాపలేదు. "నీ చేత్తో వద్దు నాయనా," అంది.

బల్ల దగ్గర అయ్యగారు నిలబడి ఉన్నారు. అందరూ రొట్టె ముక్కలు అరచేతుల్లో పెట్టుకొని, నేను తిరిగి వస్తే తినడానికి మెడలు తిప్పి చూస్తున్నారు. నేను పళ్ళెం పట్టుకొని ఆ చాప ముందరే వంగి ఉన్నాను.